‘తాగుతవా?’ అని అడిగే తీరు: ఒక మందుల చీటీ, ఒక కేసుషీటు, మా మాదిగవాడ

మా అవ్వ సందుగలో చాలాకాలం రెండు కాగితాలుండేవి. ఒకటి మండల కేంద్రంలో ఒక ప్రైవేటు డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ. రెండోది పెద్ద దవాఖాన కేసుషీటు జిరాక్సు. రెండూ 2003 మే నెలవి. రెండూ మా నాయినవి. మా ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగిన మొదటి మనిషిని నేనే. అప్పటికి నాది ఎనిమిదో తరగతి. ఆ కాగితాల్లో ఏముందో, ముఖ్యంగా ఏం లేదో అర్థం కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. రిసెర్చికి యూనివర్సిటీకి వచ్చినంక, లైబ్రరీలో వైద్యం పుస్తకాలు పక్కన పెట్టుకుని వాటిని మొదటిసారి సరిగ్గా చదివాను.

ఈ వ్యాసం ఆ రెండు కాగితాల మీద విమర్శ. కవిత మీద, కథ మీద, నవల మీద విమర్శ రాస్తున్నాం. డాక్టరు చీటీ మీద ఎందుకు రాయకూడదు? అది కూడా రాతే. దాన్ని రాసినవాడున్నాడు, రాయించుకున్నవాడున్నాడు. రాసినవాడికి ఒక భాష ఉంది, ఒక కులం ఉంది, ఎదుట కూచున్నవాడి గురించి ముందే ఏర్పడిన ఒక అభిప్రాయం ఉంది. రాయించుకున్నవాడికి ఆ రాత చదవడం రాదు. అయినా దాని ఫలితం అనుభవించేది అతనే. మన జీవితాల మీద ఇంత అధికారం ఉన్న రాత ఇంకోటి లేదు. దాన్ని మాత్రం మనం ఇంతవరకు విమర్శకు పెట్టలేదు.

1. చీటీలో ఉన్నది, లేనిది

చీటీలో నాలుగు లైన్లున్నాయి. గ్లూకోజు రెండు సీసాలు. గ్యాసుకు ఒక సూది. ఒంటినొప్పులకు ఒక సూది. చివరి లైనులో ‘స్టాప్ ఆల్కహాల్’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

నాయిన కడుపునొప్పితో పోయిండు. నేను కూడా వెంట ఉన్నాను. అక్కడ జరిగిన మాటలు నాకు గుర్తున్నాయి.

“ఏమ్రా, తాగుతవా?”

“తాగుత సారూ.”

“రోజా?”

“రోజే సారూ.”

“మీరు మారరుర. రేపటి నుంచి చుక్క ముట్టినవంటే నా దగ్గరికి రాకు.”

అంతే. నాయినకు అప్పుడు నలభై అయిదేళ్ళు. డాక్టరు ఆయనకంటే చిన్నవాడు. ‘ఏమ్రా’ అన్న దాని గురించి నేను ఇక్కడ వాదించబోవడం లేదు, అది మనకు అలవాటే. నేను పట్టుకునేది ‘మీరు మారరుర’ అన్న మాటను. ఎదుట కూచున్నది ఒక్కడు. ‘మీరు’ అని బహువచనం ఎందుకొచ్చింది? పక్కన ‘ర’ ఉంది కాబట్టి అది గౌరవం కాదు. ఆ బహువచనం కులం. డాక్టరు ఒక మనిషి తాగుడు గురించి అడగలేదు, ఒక వాడ గురించి తను ముందే రాసుకున్న తీర్పును చదివిండు. తీర్పు తయారుగా ఉన్నప్పుడు ఇక ప్రశ్నలు అవసరం పడవు. ఎన్నేళ్ళుగా తాగుతున్నవు, రోజుకు ఎంత, పొద్దున లేవంగనే చేతులు వణుకుతయా, తాగకుంటే ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా, అన్నం తింటున్నవా? ఇవేవీ అడగలేదు. ఈ ప్రశ్నలకు పది నిమిషాలు కూడా పట్టవు.

తాగుబోతులు చెప్పిన మాట వినరని లోకం అంటది. మా నాయిన విన్నడు. విన్నందుకే ఆగమయిండు.

డాక్టరు చెప్పిన మరునాటి నుంచి నాయిన గుడుంబా ముట్టలేదు. రెండో రోజు ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, నిద్ర లేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చినయి. మూడో రోజు గోడ మీద పాములు పాకుతున్నయన్నడు, చచ్చిపోయిన మా తాతతో మాట్లాడిండు. వాడలో పెద్దమనుషులు గాలి సోకిందన్నరు. ఊళ్ళో ఆర్.ఎం.పి. వచ్చి ఇంకో గ్లూకోజు సీసా ఎక్కించిండు. నాలుగో రోజు అప్పు చేసి పెద్ద దవాఖానకు తీసుకుపోయినం. పన్నెండు రోజులకు ఇంటికొచ్చిండు. నడక తడబడేది. చూపు ఒకచోట నిలిచేది కాదు. పాతవి అన్నీ గుర్తున్నయి, పొద్దున జరిగింది మాత్రం సాయంత్రానికి గుర్తుండేది కాదు. “ఎన్నో తరగతి పాసయినవ్ బిడ్డా” అని 2007లో చనిపోయే దాకా రోజూ అడిగేవాడు.

ఇప్పుడు వైద్యశాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగిన ఒంట్లో నరాల వ్యవస్థ మత్తుకు అలవాటు పడి, దాన్ని తట్టుకోవడానికి తనను తాను ఎక్కువ వేగం మీద పెట్టుకుంటుంది. మత్తు ఒక్కసారి ఆగిపోతే ఆ వేగం ఆగదు. వణుకు కొన్ని గంటల్లో మొదలవుతుంది. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. లేనివి కనపడటం, తెలివి తప్పిన మాటలు, జ్వరం, గుండెదడ కలిసి వచ్చే స్థితి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. తాగే వాళ్ళందరికీ ఇట్లా కాదు. ఎవరికి అయ్యే ప్రమాదం ఉందో ముందుగా కనిపెట్టడమే డాక్టరు పని. దీనికి మందులున్నాయి. క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపాం లాంటి గోలీలు సరిపడా మోతాదులో మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివరు బాగా చెడినవాళ్ళకు లోరాజెపాం ఇస్తారు. ఇవి పాత మందులు, చవక మందులు.

ఇక గ్లూకోజు సంగతి. బాగా తాగి, సరిగ్గా తినని మనిషి ఒంట్లో బి1 విటమిను, అంటే థయామిన్, ఇంకిపోయి ఉంటుంది. గ్లూకోజును ఒళ్ళు వాడుకోవాలంటే బి1 కావాలి. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. దాన్ని వెర్నికే జబ్బు అంటారు. కండ్లు కదలడంలో తేడా, తూలే నడక, అయోమయం దాని గుర్తులు. అది ముదిరితే కొత్త విషయాలు మెదడులో నిలవని కోర్సకాఫ్ స్థితి వస్తుంది. అందుకే తాగుడు మానే మనిషికి ముందు బి1 సూది, తర్వాతే గ్లూకోజు అని పుస్తకాలు చెబుతాయి.

మా నాయినకు ఆ సీసాల వల్లే అట్లా అయిందని ఈ రోజు నేను రుజువు చెయ్యలేను. ఏళ్ళ తాగుడు, ఏళ్ళ ఆకలి కూడా అందులో ఉన్నాయి. కానీ చీటీలో బి1 లేదు. అది రుజువు అక్కర్లేని సంగతి, కాగితం మీదే ఉంది. వణుకు ఆపే గోలీ లేదు. ‘స్టాప్ ఆల్కహాల్’ కింద మాత్రం రెండు గీతలున్నాయి.

2. కేసుషీటు

పెద్ద దవాఖాన కేసుషీటులో మొదటి మాట ‘క్రానిక్ ఆల్కహాలిక్’. వృత్తి అన్న చోట ‘కూలీ’. ఆఖరిసారి ఎప్పుడు తాగాడన్నది లేదు. నాలుగు రోజుల కింద ఒక డాక్టరు మానమంటే మానాడన్నది అసలే లేదు. మా అవ్వ చెప్పింది, నేను పక్కనే ఉన్నాను. చెప్పింది రాతలోకి రాలేదు. కేసుషీటు చదివినవాడికి ఏమనిపిస్తుంది? తాగి తాగి ఈ స్థితికి వచ్చాడనిపిస్తుంది. నిజానికి మానితే ఈ స్థితికి వచ్చాడు. ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల కారణం తలకిందులయింది, నేరం డాక్టరు చీటీ మీది నుంచి మా నాయిన గ్లాసు మీదికి జారింది. మన చరిత్రను ఎట్లా రాశారో మా నాయిన కేసును కూడా అట్లాగే రాశారు. అబద్ధం రాయలేదు, మనం చెప్పింది వదిలేసి రాశారు.

3. ‘వ్యసనం’ ఎవరి మాట?

తెలుగులో ఈ జబ్బుకు మనం వాడుతున్న మాట ‘వ్యసనం’. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? వేట, జూదం, స్త్రీలు, మద్యం అంటూ శాస్త్రాలు లెక్కగట్టిన వ్యసనాలు రాజులవి. మనుస్మృతి ఏడో అధ్యాయంలో కామం వల్ల పుట్టేవి పది, కోపం వల్ల పుట్టేవి ఎనిమిది అని రాజు మానుకోవలసిన వ్యసనాల జాబితా ఉంది. అన్నీ అందుబాటులో ఉన్నవాడు కావాలని పెట్టుకునే లోపం వ్యసనం. అదే మనుస్మృతి సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చింది. అంటే తాగుడుకు మనకు అందిన భాష రెండే: పైవాడికైతే విలాసం ముదిరిన లోపం, మిగతావాళ్ళకైతే పాపం.

మా వాడకు తాగుడు ఎట్లా వచ్చింది? సచ్చిన గొడ్డును ఎత్తేసినందుకు, చావుకు డప్పు కొట్టినందుకు, బొంద తవ్వినందుకు ఊరు ఇచ్చిన దాంట్లో ఇంత కల్లో సారో కలిసే ఉండేది. ఆ కంపును, ఆ పనిని తాగకుండా చేసే మనిషి ఎవడన్న ఉంటే చూపించాలె. కూలిలో భాగంగా పోసిన దాన్ని తర్వాత మా గుణం చేశారు. ఆ మీదట సర్కారు వచ్చింది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ, వాడవాడకూ చేరినయి. మంచినీళ్ళ నల్లా రాని వాడకు కూడా సారా వచ్చింది. దూబగుంటలో మొదలై 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా కాంట్రాక్టర్లను తరిమితే 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. ఇదంతా మన పోరాటాల చరిత్రలో రాసుకున్నాం. కానీ ఒక ప్రశ్న అడగలేదు. దుకాణం ఒక్క రాత్రిలో మూసినప్పుడు, అప్పటికే ఒంటికి పట్టుకున్న మనిషి మరునాడు ఎక్కడికి పోవాలె? నిషేధం అమలుకు పోలీసును, ఎక్సైజును పంపినంత సులువుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డయాజెపాం, బి1 పంపాలని ఎవరూ ఉద్యమంలో డిమాండు పెట్టలేదు. మనమూ పెట్టలేదు.

4. నాలుగు ప్రశ్నలు, పది ప్రశ్నలు

కుటుంబ వైద్యులు తాగుడును కనిపెట్టడానికి వైద్యశాస్త్రం కొన్ని ప్రశ్నపత్రాలు తయారుచేసింది. ఒకటి ‘కేజ్’. అమెరికాలో జాన్ ఈవింగ్ అనే డాక్టరు 1984లో ప్రచురించాడు. నాలుగు ప్రశ్నలు. తాగుడు తగ్గించాలని ఎప్పుడన్నా అనిపించిందా అన్నది మొదటిది. నీ తాగుడును నలుగురు తప్పుపట్టి నిన్ను చికాకు పెట్టారా అన్నది రెండోది. తాగుతున్నందుకు తప్పు చేస్తున్నానని బాధపడ్డావా అన్నది మూడోది. పొద్దున లేవగానే ఒళ్ళు కుదుటపడటానికి తాగావా అన్నది నాలుగోది. రెంటికి అవునంటే ఇంకా లోతుగా చూడాలి. ఈ నాలుగింటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే కేజ్, అంటే పంజరం.

ఈ ప్రశ్నల్ని మా వాడలో అడిగి చూడండి. నిన్ను ఎవరన్నా తప్పుపట్టారా? మాదిగోణ్ణి తప్పుపట్టని రోజు ఏది? కూచుంటే తప్పు, నిలబడితే తప్పు, మంచి అంగి తొడిగితే తప్పు. తప్పు చేస్తున్నానని బాధపడ్డావా? ఊరి దొరను ఈ మాట అడిగితే అతను తన గురించి ఆలోచిస్తాడు. మమ్మల్ని అడిగితే మా కులం గురించి అడిగినట్టే వినపడుతుంది. సిగ్గుపడి ‘లేదు సారూ’ అంటాం. డాక్టరు దానికి ‘అబద్ధం చెప్తడు’ అని పేరు పెడతాడు. ఒకే ప్రశ్న ఒకరికి వైద్యం, ఇంకొకరికి విచారణ అవుతోంది.

అయితే నాలుగో ప్రశ్న వేరు. పొద్దున చేతుల వణుకు గురించి అడిగేటప్పుడు మనిషి గుణాన్ని అడగడం లేదు, ఒంటిని అడుగుతున్నారు. దానికి సిగ్గు అక్కర్లేదు. చెయ్యి చాపితే వణుకు కనబడుతుంది. అందుకని ప్రశ్నపత్రాలు అన్నీ మనువాదం అని కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. మన వాడల్లో పనిచేసే డాక్టరు నాలుగో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలని నేనంటున్నాను. ముందు ఒళ్ళు, తర్వాత మనసు. తప్పు అనే మాట అసలే వద్దు.

రెండోది ‘ఆడిట్’. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ప్రమాదం మొదలయినట్టు. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా, ఈ ఆరు దేశాల్లో పరీక్షించి తయారుచేశారు. ఎన్ని ‘డ్రింకులు’ తాగుతావని అడుగుతుంది. దాని లెక్కలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన దగ్గర 180 మిల్లీల విస్కీ క్వార్టరులో ఆల్కహాలు 60 గ్రాముల దాకా ఉంటుంది. “ఒక్క క్వార్టరే సారూ” అన్న మనిషి ఆ లెక్కన ఆరు డ్రింకులు తాగినట్టు. ఈ లెక్క తెలియని డాక్టరు ‘ఒకటే కదా’ అనుకుంటాడు. కాచిన గుడుంబాకైతే కొలతే లేదు.

కల్లు దగ్గర ఈ ప్రశ్నపత్రం పూర్తిగా చేతులెత్తేస్తుంది. తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మే కల్లులో చెట్టు కల్లు కొంచెమే. మిగతాది నీళ్ళు, చక్కెర, మత్తుమందు. క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, ఆల్ప్రాజోలం కలుపుతున్నారని ఎన్నో దాడుల్లో బయటపడింది. తాగే మనిషి తను కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు. నిజానికి ఒంటికి పట్టుకున్నది ఆ పొడి. ఆడిట్‌లో పది ప్రశ్నలూ ఆల్కహాలు గురించే. పొడి గురించి ఒక్కటీ లేదు.

5. మా అవ్వ

2015లో తెలంగాణ సర్కారు కల్తీకల్లు మీద దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో వందలమంది దవాఖానలకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూస్తే మళ్ళీ అదే జరిగింది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముందు వరసలు కట్టారు. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. రోజంతా నాట్లేసి, కలుపు తీసి, సాయంత్రం ఒక సీసా కల్లు తాగి ఒళ్ళునొప్పులు మరిచి పడుకునే మా ఆడవాళ్ళను ఏ డాక్టరూ ‘తాగుతవా’ అని అడగడు. మగవాళ్ళను అవమానించడానికి అడుగుతాడు, ఆడవాళ్ళను అవమానం అవుతుందని అడగడు. రెండు విధాలా వైద్యం అందదు.

2020 మార్చిలో హాస్టలు మూసేస్తే నేను ఊరికి పోయాను. దుకాణం బందయిన మూడో రోజు అవ్వకు నిద్ర లేదు, వణుకు. “మీ నాయిన గడపల నిలబడ్డడు, అన్నం పెట్టు” అన్నది. పదిహేడేళ్ళ కిందటి రాత్రి నా కండ్ల ముందుకొచ్చింది. ఆర్.ఎం.పి. సీసా తెస్తనన్నడు, వద్దన్నాను. పోలీసులను బతిమాలుకుని ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ డ్యూటీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. మొదటి ప్రశ్న, “అమ్మా, కల్లు తాగుతరా? ఆఖరిసారి ఏ రోజు తాగిన్రు?” అవ్వ నా దిక్కు చూసి, దాచకుండా చెప్పింది. ఆమె బి1 సూది ఇచ్చింది, డయాజెపాం మొదలుపెట్టింది. “ఇది ఒక్కసారి ఆపొద్దు, వారం వారం తగ్గించుకుంట పోవాలె. గోలీలు అమ్మ దగ్గర పెట్టకు, నువ్వే ఇయ్యి” అని నాకు చెప్పింది. అవ్వ ఈ రోజు బతికి ఉంది. పొద్దున జరిగింది సాయంత్రం గుర్తుంది.

అదే వాడ, అదే ఇల్లు. తేడా అడిగిన తీరులో ఉంది. ఆ డాక్టరమ్మది ఏ కులమో నాకు తెలియదు. ఆమె చేసింది త్యాగం కాదు, ఉపకారం కాదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. మా నాయినకు కూడా అదే పుస్తకం ఉండె. మా దాకా రాలేదు.

6. మన కుటుంబ వైద్యుడు ఎవరు?

కుటుంబ వైద్యుడు అంటే ఇంటిల్లిపాదినీ ఎరిగినవాడు, ఏళ్ళ తరబడి చూసేవాడు అని నిర్వచనం. ఈ లెక్కన దళితవాడకు కుటుంబ వైద్యుడు ఆర్.ఎం.పి.నే. పేరులో ‘రిజిస్టర్డ్’ అని ఉన్నా అతనికి రిజిస్ట్రేషను లేదు. అయినా అర్ధరాత్రి పిలిస్తే వాడకొస్తాడు, ఉద్దెర పెడతాడు, అన్నం తిన్నవా అని అడుగుతాడు. ఎం.బి.బి.ఎస్. డాక్టరుకు చట్టం ఉంది, చదువు ఉంది, వాడతో సంబంధం లేదు. ఆ చదువులో కూడా మనోవైద్యానికి వేరే పరీక్ష పేపరే లేదు. ఆర్.ఎం.పి.కి సంబంధం ఉంది, చదువు లేదు. మన ప్రాణం ఈ రెంటి మధ్య సందులో పడిపోతోంది. గ్లూకోజు సీసా మీద మనకున్న మోజు కూడా ఇందులో భాగమే. సీసా ఎక్కిస్తేనే వైద్యం చేసినట్టని మనమే అడిగి పెట్టించుకుంటున్నాం.

ఇంకో ప్రమాదం, తాగుడు మాన్పించే మందును భర్తకు తెలియకుండా కూరలో కలిపిపెట్టడం. డైసల్ఫిరాం అనే మందు వేసుకున్నవాడు తాగితే మొహం ఎర్రబడి, గుండెదడ పుట్టి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వేసుకోవలసిన మందు. భార్య కన్నీళ్ళు చూసి ‘కూరలో వెయ్యమ్మా’ అని చేతిలో పెట్టే డాక్టరు ఇద్దరికీ ద్రోహం చేస్తున్నాడు. కాళ్ళుచేతులు కట్టేసి ప్రైవేటు డీఎడిక్షను సెంటర్లలో పడేయడం కూడా ఇట్లాంటిదే. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. చట్టం చెప్పిన పద్ధతి లేకుండా మనిషిని బంధించే హక్కు ఎవరికీ లేదు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ జరిపి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసలయినవాళ్ళలో ఏదో ఒక రకం వైద్యసహాయం పొందినవాళ్ళు 38 మందిలో ఒక్కరు. మిగిలిన 37 మంది ఎవరు? మా నాయిన లాంటివాళ్ళు ఆ లెక్కలో ఎక్కడున్నారు? ఆయన ఇద్దరు డాక్టర్లను, ఒక ఆర్.ఎం.పి.ని చూశాడు. చీటీ ఉంది, కేసుషీటు ఉంది. కాగితం మీద వైద్యం పొందినవాడే. తాగుడుకు మాత్రం పొందలేదు.

7. మనలో మనం

ఈ విమర్శ డాక్టర్ల దగ్గర ఆపితే సరిపోదు. మన రచనల్లో తాగుడును రెండు విధాలుగా చూస్తున్నాం. ఒకటి, అగ్రవర్ణ సంస్కర్తల గొంతుతో ‘తాగుడు మానితేనే దళితుడు బాగుపడతాడు’ అనడం. ఈ మాటకు మండలంలో డాక్టరు అన్న ‘మీరు మారరుర’కు పెద్ద తేడా లేదు. రెండోది, దానికి ఎదురుగా ‘కల్లు మన సంస్కృతి, మాంసం మన సంస్కృతి’ అని జెండా ఎత్తడం. ఈ రెండోదాన్ని నేను కూడా సభల్లో చప్పట్లు కొట్టి విన్నాను. పండుగ నాడు చెట్టు కింద తాగిన కల్లు సంస్కృతే, కాదనను. దుకాణంలో పొడి కలిపిన సీసా ఎవరి సంస్కృతి? తాగొచ్చిన మగవాడి చేతిలో దెబ్బలు తిన్న మా ఆడవాళ్ళను ఈ సంస్కృతి గురించి ఎవరన్నా అడిగారా? మా నాయిన కూడా మా అవ్వను కొట్టిండు. ఆయన చావును రాస్తున్న కొడుకుగా ఆ మాట దాచిపెడితే నేను కూడా కేసుషీటు రాసిన డాక్టరు పనే చేసినట్టవుతుంది.

ఆధారపడటం జబ్బే. దానికి మందు ఉంది. ఆ జబ్బు ఎవరికి, ఏ పని వల్ల, ఎవరు పోస్తే వచ్చిందో దానికి చరిత్ర కూడా ఉంది. మందు మాత్రమే చూసేవాడు చరిత్రను మరుస్తాడు. చరిత్ర మాత్రమే మాట్లాడే మనం మందును మరుస్తున్నాం. మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చిన మనిషికి మన సిద్ధాంత చర్చ పనికిరాదు, బి1 సూది పనికొస్తుంది.

కాబట్టి నాలుగు డిమాండ్లు చర్చకు పెడుతున్నాను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో థయామిన్ సూదిమందు, తగ్గించుకుంటూ ఇచ్చే గోలీలు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు ఉండాలి. కల్లు, మద్యం దుకాణాలు మూసే ఏ ఉత్తర్వయినా ఆ ప్రాంత దవాఖానలను ముందుగా తయారుచేసే రావాలి. ఆరోగ్య కేంద్రాల్లో ఆడవాళ్ళను కూడా, మర్యాదగా, ఒంటరిగా కూచోబెట్టి అడగాలి. కేసుషీటులో ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఎందుకు మానాడు, ఎవరు మానమన్నారు అన్న మూడు సంగతులు తప్పక రాయాలి.

ఇవి పెద్ద కోరికలు కావు. ఇంకో కోరిక ఈ పత్రిక చదివేవాళ్ళకు. మీ ఇండ్లల్లో, సందుగల్లో, గోడకు తగిలించిన సంచుల్లో ఇట్లాంటి చీటీలు ఉంటాయి. చిత్తుకాగితాలని పారెయ్యకండి. ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి మీరే అయితే, వాటిని చదవాల్సింది కూడా మీరే. ఏం రాశారో చదవండి, ఏం రాయలేదో పక్కన రాసిపెట్టండి. మన వాడల ఆరోగ్య చరిత్ర అక్కడి నుంచే మొదలుపెట్టాలి.